జాతర కాగితం కింద

మా ఊరి పాల కేంద్రం గోడమీద నిరుడు పోలీసులు ఒక కాగితం అంటించి పోయారు. ఎర్ర అంకెలతో 1930 అని, దాని కింద నాలుగు ముక్కలు. గంగమ్మ జాతర దగ్గరపడ్డప్పుడు, దాతల పేర్లున్న మా కాగితానికి ఊళ్లో అంతకంటే మంచి చోటు కనపడలేదు. డబ్బాలో మైదా ఉడకేసి తెచ్చి, పాత చీపురుతో గోడంతా పూసి, సరిగ్గా దానిమీదే అంటించాం. అడ్డు చెప్పినవాళ్లు లేరు. దాతల వరసలో నా పేరు నాలుగోది. అంటించిందీ నేనే. అది తప్పని మొన్నటిదాకా నాకు తోచనే లేదు.

ఐరాల మండలంలో మాది చిన్న ఊరు. ఊరికొక వాట్సాప్ గ్రూపు, అందులో డెబ్బై రెండు మంది. ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనందుకు నన్ను అడ్మిన్ చేశారు. పొద్దున్నే కాణిపాకం వినాయకుడి బొమ్మ, తోతాపురి ధర, టమాటా ధర, ఎవరో పోయారన్న కబురు. ఇంతకు మించి అందులో ఏమీ ఉండదు. ఒక శనివారం పొద్దున పీఎం కిసాన్ పేరుతో ఒక ఫైలు వచ్చి పడింది. పేరు చివర ఏపీకే అని ఉంది. పంపినట్టు కనబడింది ఊళ్లో అందరూ మర్యాద ఇచ్చే పెద్దమనిషి. నిజానికి ఆయన పంపలేదు. ఆయన ఫోన్‌ అప్పటికే దొంగల చేతిలో ఉంది. ఆయనకు తెలియకుండానే ఆయన పేరుతో అన్ని గ్రూపుల్లోకీ ఆ ఫైలు పోతోంది. ఇట్లాంటివి ప్లే స్టోరుతో పనిలేకుండా నేరుగా ఫోన్లోకి దిగే యాప్‌లు. దిగినాక అనుమతులు అడుగుతాయి. అన్నిటికీ సరే అని నొక్కుకుంటూ పోతే మనకొచ్చే మెసేజీలు, వాటిలోని ఓటీపీలతో సహా, ఎక్కడో కూర్చున్నవాడికీ కనబడతాయి.

నా కొడుకు బెంగళూరు నుంచి ఫోన్ చేసి, "నాయనా, అది ముందు తీసెయ్" అన్నాడు. తీసేశాను. ఎందుకు తీశానో మాత్రం రాయలేదు. రాస్తే ఆ పెద్దమనిషి పరువు పోతుందని. ఫైలు నలభై నిమిషాలు గ్రూపులో ఉంది. ఎవరెవరు నొక్కారని అడగలేదు. గ్రూపులో తక్కిన చదువుకున్నవాళ్లూ అడగలేదు. కనీసం పదిమంది దాన్ని చూడగానే దొంగ ఫైలని గుర్తుపట్టారని తర్వాత తెలిసింది. ఎవరికి వాళ్లు నొక్కకుండా ఊరుకున్నారు.

మధ్యాహ్నం పన్నెండు గంటలకు మాకు పాలు పోసే అక్క వచ్చింది. కొంగులో చుట్టుకొచ్చిన ఫోన్‌ నా చేతిలో పెట్టింది. తెర పగిలితే అడ్డంగా అంటించిన టేపు పసుపుపచ్చగా మారిపోయి ఉంది. ఆ టేపు కిందనే ఉంది మెసేజీ. ఇరవైనాలుగు వేలు పోయినాయని.

"అయివోరా, ఇదేందో చూడండి. నాకు గుండె దడదడ అంటా ఉండాది. మేత కోసరం పెట్టుకున్న దుడ్డు."

నేనన్న మాట అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను. "ఈరోజు రెండో శనివారం కదక్కా. సోమవారం బ్యాంకుకు పోదాం. అంతవరకు ఎవరికీ చెప్పొద్దు, నవ్వుతారు."

ఆదివారం రాత్రి ఇంకో పద్దెనిమిదిన్నర వేలు పోయినాయి.

నా ఆ మాటలో తప్పు కాని ముక్క ఒక్కటి లేదు. సైబర్ మోసాల గురించి చెప్పుకునే ఆ 1930 నంబరుకు రెండో శనివారం లేదు. రాత్రీ పగలూ ఎత్తుతారు. దేశంలో ఏ ఊరి నుంచి కొట్టినా ఆ రాష్ట్రపు పోలీసులకే పోతుంది. ఇది 2021లో 155260 అనే ఆరంకెల నంబరుగా మొదలై తర్వాత 1930గా మారింది. 1930 అంటే ఉప్పు సత్యాగ్రహం అని పిల్లలకు ముప్పై ఏళ్లు వల్లె వేయించినవాణ్ణి, అవసరం వచ్చిన పూట ఆ అంకె నా నోటికి రాలేదు. వాళ్లు అడిగేవి కూడా పెద్ద విషయాలు కావు. ఏ బ్యాంకు, ఏ ఖాతా, ఎంత పోయింది, ఎన్నింటికి, మెసేజీలో ఉండే లావాదేవీ నంబరు ఎంత. యూపీఐ అయితే అది పన్నెండంకెలు ఉంటుంది. చెప్పిన వెంటనే డబ్బు చేరిన బ్యాంకుకు కబురు పోతుంది, అక్కడ ఇంకా మిగిలి ఉంటే కదలకుండా పట్టేస్తారు. దొంగ ఆ డబ్బును ఒక ఖాతాలో ఉంచడు. ఒకటి నుంచి మూడింటికి, మూడింటి నుంచి పదింటికి చీల్చుకుంటూ పోయి చివరకు ఏటీఎంలో తీసుకుంటాడు. వాడి కాళ్లకూ మన ఫోన్‌కూ మధ్య పందెం అది. వాడికి నలభై ఏడు గంటలు ముందుగా ఇచ్చి పంపింది నేను.

రెండో విడత డబ్బు సంగతి ఇంకా ఘోరం. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఖాతాదారు పొరపాటే ఉన్నా సరే, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత పోయిన డబ్బుకు బాధ్యత బ్యాంకుదే. సెలవు రోజైనా బ్యాంకు ఫోన్ నంబరు పనిచేస్తుంది. ఏటీఎం కార్డు వెనకే అచ్చై ఉంటుంది. శనివారం మధ్యాహ్నం ఆ నంబరుకు నేను ఒక్క ఫోన్ కొట్టి ఉంటే, ఆదివారం రాత్రి పోయిన పద్దెనిమిదిన్నర వేలు అక్క మోయాల్సిన పనే లేదు. అంటే ఆ మొత్తం దొంగ తిన్నది ఒక లెక్క, నేను పోగొట్టింది ఒక లెక్క. ఈ ఉత్తర్వు వచ్చి ఇన్నేళ్లయింది. ఊళ్లో రైతు డబ్బులు, డ్వాక్రా కంతులు అన్నీ బ్యాంకు ఖాతాల్లోనే నడుస్తున్నాయి. దాన్ని తెలుగులో చదివి వినిపించాలన్న బుద్ధి ఊరి చదువరులం ఒక్కరికీ పుట్టలేదు.

ఇక ఆ చివరి ముక్క, నవ్వుతారు అన్నది. అది అబద్ధం కాదు. నవ్వుతాం.

చీటీలవాడు పారిపోతే మా ఊరు ఎట్లా లేస్తుందో నేను చూశాను. తెల్లారేసరికి వాడి గడప ముందు వందమంది. ఎంత పోయిందో అరిచి చెప్పుకుంటారు, ఆడవాళ్లు దుమ్మెత్తి పోస్తారు, ఎవరికీ సిగ్గు లేదు. రెండువేల చేబదులు మీద మాట తేడా వస్తే కాణిపాకం పోయి కోనేట్లో మునిగి ప్రమాణం చేద్దాం రా అని పిలిచే జాతి మాది. అదే ఫోన్లో పోతే నోరు పెగలదు. ఎందుకంటే చీటీ డబ్బు దొంగవల్ల పోయిందంటాం, ఫోన్లో డబ్బు తెలివితక్కువవల్ల పోయిందంటాం. దొంగను తిట్టాల్సిన చోట పోగొట్టుకున్నవాణ్ణి తిడతాం. 2020 డిసెంబరులో హైదరాబాదు చుట్టుపక్కల లోన్ యాప్‌ల వేధింపులకు మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ యాప్‌ల ఆయుధం అప్పు కాదు, ఫోన్లో ఉన్న చుట్టాలందరికీ చెబుతామన్న బెదిరింపు. డిజిటల్ అరెస్టు అంటూ వీడియో కాల్‌లో మనిషిని గదిలో కూర్చోబెట్టేవాడు మొట్టమొదట అనేది కూడా అదే, ఎవరికీ చెప్పొద్దని. అట్లాంటి అరెస్టు చట్టంలోనే లేదని 2024 అక్టోబరులో ప్రధాని రేడియోలో చెప్పారు, విన్నాం. కానీ దొంగ చెప్పే మాటా, ఆ శనివారం అక్కకు నేను చెప్పిన మాటా ఒకటే.

2024లో సైబర్ మోసాల్లో దేశం పోగొట్టుకున్నది 22,845 కోట్ల రూపాయలని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. అంతకు ముందు ఏడాది అది 7,465 కోట్లు. ఇది చెప్పుకున్నవాళ్ల లెక్క. నోరు మూసుకున్న ఊళ్లు ఇందులో లేవు.

మా పిల్లలు దాదాపు అందరూ బయటే ఉన్నారు. చెన్నై, బెంగళూరు సరే. డల్లాస్, లండన్, సింగపూర్. వాళ్లకైనా తెలిసుంటుందనుకుని అడిగాను. అమెరికాలో ఉన్న మా చెల్లెలి కొడుకు చదువుకునే రోజుల్లో, ఇమిగ్రేషన్ ఆఫీసరునని బెదిరించినవాడికి గిఫ్ట్ కార్డుల్లో పద్దెనిమిది వందల డాలర్లు కట్టాడట. ఎక్కడా చెప్పలేదు. "వీసా మీదికి వస్తుందేమోనని భయం మామా" అన్నాడు. ఆ భయానికి వేళ్లు లేకపోలేదు. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మోసం బయటపడినప్పుడు, మోసపోయిన మన పిల్లల కాళ్లకే కొందరికి రేడియో పట్టీలు కట్టారు. అది చూసిన తరం తర్వాతి తరానికి నేర్పింది నోరెత్తొద్దనే. కానీ అక్కడ ఎఫ్‌బీఐ వాళ్ల ఐసీ3 అని 2000 సంవత్సరం నుంచీ ఆన్‌లైన్‌లో ఫిర్యాదు తీసుకునే చోటు ఉంది. 2024లో దానికి ఎనిమిదిన్నర లక్షలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి, వాటిలో చూపిన నష్టం 1,660 కోట్ల డాలర్లు. బాధితుడో దొంగో, ఇద్దరిలో ఒకరు అమెరికాలో ఉంటే చాలు. బిడ్డ తరఫున ఐరాలలో కూర్చున్న తండ్రి కూడా రాయవచ్చు. ఎఫ్‌టీసీ అని వినియోగదారుల తరఫున ఇంకో కేంద్ర సంస్థా తీసుకుంటుంది. బ్రిటన్‌లో 159 కొడితే ఎవరి బ్యాంకుకు వాళ్లను కలుపుతారు, దొంగ మెసేజీని 7726కు పంపితే ఫోన్ కంపెనీకి చేరుతుంది. సింగపూర్‌లో 1799, మలేసియాలో 997. ఆస్ట్రేలియా వాళ్లది స్కామ్‌వాచ్. లండన్‌లో ఉన్న పిల్లకు 159 తెలియదు. సింగపూర్‌లో ఉన్నవాడికి మాత్రం తెలుసు. అక్కడ బస్సుల్లో రాసి ఉంటుందట. ఆ కాగితంమీద ఎవరూ జాతర కాగితం అంటించలేదు కాబోలు.

మనకూ తలుపులు తక్కువేం కాదు. 2024 జూలై 1 నుంచి కొత్త నేర విచారణ చట్టంలోని 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లో ఇచ్చినా ఫిర్యాదు తీసుకోవాలి, హద్దు మాది కాదనేందుకు లేదు. డబ్బు పోకముందే, దొంగ ఫోన్ వచ్చిందని చెప్పుకునేందుకు టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైటులో చక్షు అనే చోటు ఉంది.

ఇంకొకటి రాయకపోతే ఇదంతా నటన అవుతుంది. మాకు నాలుగు మైళ్ల దూరంలో ఒకతను కుర్రాళ్ల దగ్గర పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ తీసుకుని ఐదువేలు చేతిలో పెడుతున్నాడని మా ఊళ్లో చాలామందికి తెలుసు. ఆ ఖాతాలు ఎందుకో కూడా తెలియనంత అమాయకులం కాదు. అక్క డబ్బు చీలిపోయింది అట్లాంటి ఖాతాల్లోకే. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన సంగతి పేపర్లలో అందరం చదివాం. డేటా ఎంట్రీ ఉద్యోగమని మన పిల్లలను కంబోడియా తీసుకుపోయి, పాస్‌పోర్టులు లాక్కుని, ఈ మోసాలే చేయించారు. మే నెలలో అక్కడ దాదాపు మూడువందల మంది తిరగబడ్డాక గాని కొందరు ఇల్లు చేరలేదు. మన భాషలో మాట్లాడి మనల్ని దోచుకోవడానికి మన పిల్లలే కావాలి. పాస్‌బుక్కుల మనిషి గురించి నేను కూడా ఎక్కడా చెప్పలేదు. వాడు మాకు దూరపు చుట్టం.

సోమవారం బ్యాంకులో కౌంటరు దగ్గరి కుర్రాడు అడిగిన మొదటి మాట, "1930కి చేశారా?" బ్యాంకు మెట్లమీద నిలబడి చేశాం. నంబర్లన్నీ నేను చదివి చెబుతుంటే, అక్క నా పక్కన నిలబడి అటూ ఇటూ చూస్తోంది, తెలిసినవాళ్లు ఎవరైనా వస్తారేమోనని. పోయిన నలభైరెండున్నర వేలలో ఒక ఖాతాలో మిగిలిన ఆరువేల రెండువందలు దొరికాయి. పట్టి పెట్టారు.

మా కాణిపాకం పక్కన పారే ఏరు బాహుదా. అన్న చెట్టు మామిడిపండు చెప్పకుండా తిన్న లిఖితుడు, తానే రాజు దగ్గరికి పోయి శిక్ష వేయమని అడిగాడని, తెగిన చేతులు ఈ ఏట్లో మునిగితే తిరిగి మొలిచాయని కథ. ప్రతి ఏడూ ఆరో తరగతికి చెప్పేవాణ్ణి. ఏటి మహిమ దగ్గర ఎప్పుడూ గొంతు పెంచేవాణ్ణి. ఆయన నడిచిపోయి చెప్పుకున్న ముక్క ఒక్క వాక్యంలో దాటేసేవాణ్ణి.

నిన్న పొద్దున పాల కేంద్రం దగ్గరికి పోయి జాతర కాగితాన్ని తడిపి లాగాను. మైదా గట్టిగా పట్టి ఉంది. దాంతోపాటు కింది కాగితం కూడా సగం వచ్చేసి, 19 మాత్రం మిగిలింది. తక్కిన రెండంకెలు పెయింటుతో రాశాను. సాయంత్రం గ్రూపులో పెట్టాను. ఆ శనివారం ఫైలు దొంగ ఫైలని, తెలిసీ చెప్పకుండా తీసేశానని, దానివల్ల మనలో ఒకరికి నలభైరెండున్నర వేలు పోయాయని, ఇంకెవరికైనా పోయి ఉంటే నాకు చెప్పమని. అక్క పేరు రాయలేదు. నా పేరు రాశాను.

రెండు దండాలు వచ్చాయి. ఆ వెంటనే ఎవరో తోతాపురి ధర పెట్టారు. రాత్రి పదిగంటలు దాటినాక ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు ఫోన్ చేశారు. ముగ్గురూ ముందు అడిగింది, పక్కన ఎవరైనా ఉన్నారా అని. ఒకరిది పద్నాలుగు నెలల కిందటి నష్టం. ఇంట్లో భార్యకు కూడా ఇంతవరకు చెప్పలేదట.