కిప్ కెయినో పేరు మీద స్ప్రింటర్ల పండుగ: నైరోబీ మీట్ ఎవరికి మేలు చేస్తోంది?

కెన్యా అనగానే గుర్తొచ్చేది దూరపు పరుగు. మారథాన్‌లో ఎలియుద్ కిప్‌చోగే, 1,500 మీటర్లలో ఫెయిత్ కిప్యెగాన్, 800 మీటర్లలో డేవిడ్ రుడీషా. ఈ వరుసకు పెద్దదిక్కు లాంటి కిప్ కెయినో పేరుతో నైరోబీలో 2020 నుంచి ఏటా ఒక అంతర్జాతీయ మీట్ జరుగుతోంది. చిత్రమేమిటంటే, ఆ మీట్‌కు పేరు తెచ్చిపెట్టింది 100 మీటర్ల పందెం.

2021 సెప్టెంబర్‌లో కసరానీ స్టేడియంలో అమెరికాకు చెందిన ట్రేవాన్ బ్రోమెల్ 9.76 సెకన్లలో గెలిచాడు. అతని వెనకే 9.77తో గీత దాటిన కెన్యా స్ప్రింటర్ ఫెర్డినాండ్ ఒమన్యాలా ఆఫ్రికా రికార్డు సృష్టించాడు. మరుసటి మే నెలలో అదే ట్రాక్ మీద ఒమన్యాలా 9.85తో గెలిచాడు. మహిళల పందెంలో జమైకా దిగ్గజం షెల్లీ-ఆన్ ఫ్రేజర్-ప్రైస్ 10.67 నమోదు చేసింది.

వాళ్ల ప్రతిభను తక్కువ చేయనక్కర్లేదు కానీ, నైరోబీ గాలి కూడా సాయం చేసింది. ఆ నగరం సముద్ర మట్టానికి 1,600 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అక్కడ గాలి పలచన. స్ప్రింటర్‌కు ఎదురయ్యే ఒత్తిడి తగ్గుతుంది, పది సెకన్ల పనికి ఆక్సిజన్ కొరత పెద్దగా అడ్డు రాదు. అదే 5,000 మీటర్లు పరుగెత్తేవాళ్లకు ఆ పలచని గాలే శత్రువు.

దీన్ని ప్రపంచం మొదటిసారి పెద్ద ఎత్తున చూసింది 1968 మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో. 2,240 మీటర్ల ఎత్తులో జిమ్ హైన్స్ 100 మీటర్లను 9.95 సెకన్లలో ముగించాడు, బాబ్ బీమన్ 8.90 మీటర్లు దూకాడు. 10,000 మీటర్లలో మాత్రం కెన్యాకు చెందిన నఫ్తాలి తెము స్వర్ణం గెలిచిన సమయం అప్పటి ప్రపంచ రికార్డు కన్నా 1 నిమిషం 48 సెకన్లు ఎక్కువ. ఎత్తులో పుట్టి పెరిగిన కెయినో అక్కడే 1,500 మీటర్లలో ప్రపంచ రికార్డు వీరుడు జిమ్ ర్యూన్‌ను దాదాపు మూడు సెకన్ల తేడాతో ఓడించాడు. కెయినో సొంత ప్రాంతం పేరు నంది. మన నందికీ దానికీ సంబంధం లేదు, కెన్యా పశ్చిమ ఎగువ భూముల్లో ఒక తెగ పేరు అది.

అంటే, ఎత్తు కెన్యా రన్నర్లకు పతకాలు ఇస్తుంది, టైమింగ్‌లు ఇవ్వదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒలింపిక్స్‌కు గానీ ప్రపంచ చాంపియన్‌షిప్‌కు గానీ వెళ్లాలంటే రెండు దారులు: నిర్ణీత అర్హత సమయాన్ని అందుకోవడం, లేదా ప్రపంచ ర్యాంకింగ్‌లో పైన ఉండటం. ఎత్తులో పరుగెత్తారని దూరపు పరుగుల వాళ్లకు అర్హత సమయంలో సడలింపు ఏమీ ఉండదు. అందుకే సొంత ఊళ్లో ప్రపంచ స్థాయి మీట్ ఉన్నా, కెన్యా 5,000 మీటర్ల రన్నర్ మంచి టైమింగ్ కోసం ఐరోపాకో, మొరాకో తీరంలోని రబాత్‌కో వెళ్లక తప్పదు. డైమండ్ లీగ్‌లో ఆఫ్రికాకు దక్కిన మీట్ రబాత్ ఒక్కటే. మన అవినాశ్ సాబ్లే 2022 జూన్‌లో అక్కడే స్టీపుల్‌చేజ్‌ను 8 నిమిషాల 12.48 సెకన్లలో ముగించి, ఎనిమిదో స్థానంలో నిలిచి కూడా జాతీయ రికార్డు సాధించాడు.

మరి నైరోబీ మీట్ ఎవరికి ఉపయోగం? కెన్యా క్రీడా వ్యవస్థ ఏళ్ల తరబడి పెద్దగా పట్టించుకోని స్ప్రింటర్లకు, త్రోయర్లకు. ర్యాంకింగ్ పాయింట్లు సమయం మీదే కాదు, మీట్ స్థాయి మీద, వచ్చిన స్థానం మీద కూడా ఆధారపడతాయి. కాంటినెంటల్ టూర్ గోల్డ్ స్థాయి మీట్ ఇంటి ముందే ఉంటే, ఆ పాయింట్లకు విమాన టికెట్టు, వీసా అక్కర్లేదు. వీసా చిన్న విషయమేమీ కాదు. 2022 ప్రపంచ చాంపియన్‌షిప్‌కు అమెరికా వీసా ఆలస్యమై, ఒమన్యాలా తన హీట్‌కు మూడు గంటల ముందు కూడా యూజీన్ చేరలేకపోయాడు. ఆఫ్రికాలో అత్యంత వేగవంతుడి గతే అది. పేరు లేని కుర్రాళ్ల సంగతి ఊహించుకోవచ్చు.

ఇంత ఉపయోగపడే మీట్‌కు స్థిరమైన ఇల్లు లేదు. 2025లో ఫుట్‌బాల్ టోర్నీ చాన్ కోసం కసరానీ, న్యాయో స్టేడియాలను మరమ్మతులకు ఇవ్వడంతో, అథ్లెటిక్స్‌ను ఉలింజీ మైదానానికి పంపారు. 2025 ప్రపంచ చాంపియన్‌షిప్‌ను ఆఫ్రికాకు తొలిసారి తేవాలని నైరోబీ పోటీపడింది, అవకాశం టోక్యోకు దక్కింది. అలా ఆశపడిన నగరం తన వార్షిక మీట్‌ను ఫుట్‌బాల్ కోసం పక్కకు జరపడం బాగోలేదు.

భారత్ ఇప్పుడిప్పుడే ఇదే దారి పట్టింది. 2025 జులైలో బెంగళూరులో జరిగిన నీరజ్ చోప్రా క్లాసిక్ కూడా క్రీడాకారుడి పేరుతో పెట్టిందే. అందులో నీరజ్ 86.18 మీటర్లతో గెలిస్తే, 84.51తో రెండో స్థానం కెన్యాకు చెందిన జూలియస్ యెగోది. ఆగస్టులో భువనేశ్వర్‌లో కాంటినెంటల్ టూర్ కాంస్య స్థాయి మీట్ జరిగింది. ర్యాంకింగ్ పాయింట్ల విలువ విశాఖ హర్డ్లర్ జ్యోతి యర్రాజీకి బాగా తెలుసు. పారిస్ ఒలింపిక్స్ అర్హత సమయం 12.77 సెకన్లు. ఆమె 2024 మేలో ఫిన్లాండ్ వెళ్లి 12.78 పరుగెత్తింది. సెకనులో నూరో వంతు తేడాతో నేరు దారి మూసుకుపోగా, ర్యాంకింగ్ ద్వారానే పారిస్ చేరింది. బెంగళూరు క్లాసిక్‌లో మాత్రం జావెలిన్ ఒక్కటే ఉంది, అదీ పురుషులకే.