సున్నా క్లాషులు - ఒక డామేజర్ విజయగాథ

మామిడికాయల సీజన్లో ఊరెళ్ళి వచ్చాను. మాది జి. కొండూరు. విజయవాడ నుంచి మైలవరం, తిరువూరు వైపు వెళ్ళే దారిలో తగుల్తుంది. నూజివీడు రసాలంటూ మీరు హైదరాబాదులో బేరమాడి కొనుక్కునే కాయల్లో మా చుట్టుపక్కల తోటలవీ ఉంటాయి లెండి. కాయల కోసం వెళ్ళినవాణ్ణి, ఈ టపాకి సరుకు కూడా తెచ్చుకున్నాను.

నాన్న పాత ఇంటి పక్కన రెండు గదులు వేయిస్తున్నారు. మర్నాడు స్లాబు. సాయంత్రం మేస్త్రి వచ్చి, కరెంటు పనివాణ్ణీ ప్లంబర్నీ ఇనుప చువ్వల మీద పక్కపక్కన నిలబెట్టాడు. "నీ పైపు ఎక్కడ దిగుతుందో చూపించు. నువ్వు ఫ్యాను డబ్బా ఎక్కడ పెట్టావో చూపించు. రేపు కాంక్రీటు పడ్డాక ఇద్దర్లో ఎవడొచ్చి అడిగినా నేను సుత్తి ఇవ్వను" అన్నాడు. ఒక పైపు సరిగ్గా బీము మధ్యలోకి వస్తోంది. అప్పటికప్పుడు జానెడు పక్కకి జరిపించాడు. తర్వాత నాన్నతో "బాబాయ్ గారూ, బాత్రూం కుళాయి ఇటు మారింది, గుర్తుంచుకోండి" అని చెప్పి, చిన్న నోటు పుస్తకంలో గీసుకున్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. ఎందుకంటే నా ఉద్యోగం అదే. బిమ్, అంటే బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ సాఫ్ట్‌వేర్లకి ప్లగిన్లు రాస్తాను. ఆ మేస్త్రి పావుగంటలో చేసిన పనిని, బోలెడు లైసెన్సులు, వారానికి రెండు కాల్సు, ఒక డ్యాష్‌బోర్డు పెట్టుకుని కూడా మేం చెయ్యలేకపోయిన ప్రాజెక్టు ఒకటుంది. అదే చెప్తాను.

ఏ దేశంలోదో, ఏ కంపెనీదో అడక్కండి. ఒక ఆసుపత్రి భవనం. ఆర్కిటెక్టు మోడల్ ఒకటి, స్ట్రక్చర్ మోడల్ ఒకటి, ఏసీ డక్టులూ పైపులూ కేబుల్ ట్రేలూ మరొకటి. మూడూ కలిపి చూస్తే ఏది దేనిలోకి దూసుకుపోతోందో సాఫ్ట్‌వేరే చెప్తుంది. దాన్నే క్లాష్ డిటెక్షన్ అంటారు. మొదటిసారి నడిపితే రెండువేల పైచిలుకు వచ్చాయి. అందులో వింతేం లేదు. చాలావరకు చెత్తే ఉంటుంది, ఓ వంద మాత్రం నిజంగా ప్రాణం తీసేవి.

మన డామేజర్ గారు (ప్రాజెక్టు మేనేజర్‌ని మనం ముద్దుగా అలాగే కదా పిలుచుకునేది) ఆ అంకె చూసి కంగారు పడ్డారు. ఆ వందా ఏవని అడగలేదు. డక్టు జరగాలా, బీము మారాలా, అది తేల్చాల్సిందెవరు అనీ అడగలేదు. "సోమవారం క్లయింటు కాల్ ఉంది. సున్నా కనిపించాలి" అన్నారు.

సున్నా కనిపించింది. ఎలాగో తెలుసా? పది మిల్లీమీటర్ల టాలరెన్సుని పెంచుకుంటూ పోయారు. అయినా మిగిలినవాటిని గుంపులు గుంపులుగా కట్టి 'అప్రూవ్డ్' అని మార్కు చేశారు. ఆ పని ఒక్క నొక్కుతో అయిపోయేలా స్క్రిప్టు రాసించ్చింది ఎవరనుకున్నారు? నేనే. శుక్రవారం రాత్రి కూర్చుని రాశాను. మెచ్చుకుంటూ మెయిల్ కూడా వచ్చింది.

కొన్ని నెలలకి సైటులో మెయిన్ డక్టు బీముకి అడ్డం పడింది. మా రిపోర్టులో అది 'అప్రూవ్డ్'. ఎవరు అప్రూవ్ చేశారని తీగ లాగితే, డొంకంతా కదల్లేదు, తీగ చివర ఉన్న ఒక్కడే కదిలాడు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాని మోడలర్. ఆ బటన్ నొక్కింది అతని లాగిన్‌తోనే మరి! అతన్ని ప్రాజెక్టులోంచి తీసేశారు, ఆ తర్వాత కంపెనీలోంచి కూడా. డామేజర్ గారికి మాత్రం ఇంకా పెద్ద ప్రాజెక్టు దొరికింది. నేను నోరెత్తలేదు. అదీ ఇక్కడ రాసుకోవాలి కదా.

ఇలా అంటే వచ్చే జవాబు నాకు తెలుసు. "పీఎంకి షెడ్యూలు, బిల్లులు, క్లయింటు... చావడానికి టైము లేదు. మోడల్ చూసుకోడానికి బిమ్ కోఆర్డినేటర్ ఉన్నాడుగా!" ఉన్నాడు. డక్టు బీములోకి వెళ్తోందని అతను చెప్పగలడు. కానీ బీము మార్చమని స్ట్రక్చరల్ కన్సల్టెంటుకి చెప్పే అధికారం అతనికుందా? మారిస్తే అయ్యే ఖర్చు ఎవరు భరించాలో తేల్చగలడా? లేడు. అది మోడలింగ్ సమస్య కాదు, నిర్ణయం. నిర్ణయాలు చెయ్యడానికి జీతం తీసుకునేది పీఎం.

ఇది నా సొంత పైత్యం కాదు. బ్రిటన్ ప్రభుత్వం 2011లోనే చెప్పి, 2016 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వ నిర్మాణాలకి బిమ్ తప్పనిసరి చేసింది. ఆ అనుభవంలోంచే 2018లో ఐఎస్ఓ 19650 ప్రమాణం వచ్చింది. దాని రెండో భాగంలో పని ఎక్కడ మొదలవుతుందో చూడండి. సాఫ్ట్‌వేర్ కొనడంతో కాదు. సమాచార నిర్వహణ బాధ్యత ఎవరిదో యజమాని ముందు తేల్చమంటుంది. ఏ సమాచారం, ఎవరికి, ఎప్పటికి కావాలో రాసిపెట్టమంటుంది. ఇంకా పనిలో ఉన్న ఫైలు వేరు, పక్కవాళ్ళకి చూపించిన ఫైలు వేరు, కట్టుకోవచ్చని ఆమోదించిన ఫైలు వేరు అంటుంది. అంతా మా మేస్త్రి నోటు పుస్తకమే, కాస్త పెద్ద అక్షరాల్లో.

మన దేశంలో నాగపూర్ మెట్రో 5డి బిమ్ వాడింది. 5డి అంటే త్రీడీ మోడల్‌కి షెడ్యూలునీ ఖర్చునీ కూడా ముడి వెయ్యడం. ఆ రెండూ ఎవరి సొత్తు? పీఎంవే కదా. మరి అవి వచ్చి మోడల్లో కూర్చున్నాక కూడా "మోడల్ నా పని కాదు" అంటే ఎలా?

ఇంకోటి. కట్టడం పూర్తయితే పీఎం వెళ్ళిపోతాడు, కట్టడం ఉండిపోతుంది. మా మండలంలోనే వెలగలేరు దగ్గర బుడమేరు మళ్ళింపు కాలువ మొదలవుతుంది. బుడమేరు వరదనే కాదు, పోలవరం కుడికాలువ నీళ్ళనీ అదే కృష్ణలోకి మోస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో దానికి గండ్లు పడ్డాయి. విజయవాడ సింగ్‌నగర్ వాళ్ళు ఆ రోజుల్ని ఎలా మర్చిపోతారు? వరదకి బిమ్ మందని చెప్పేంత వెర్రివాణ్ణి కాను. కానీ ఒకే కాలువ మీద ఇన్ని పనులు ఆధారపడినప్పుడు గట్టు ఎత్తెంత, ఎప్పుడు ఎక్కడ ఏం మార్చారు అన్నది మనుషుల బుర్రల్లో కాక ఒక్కచోట, నమ్మేలా ఉండాలి. కట్టాక నిర్వహణ కాలానికి కూడా ఐఎస్ఓ 19650లో ఒక భాగం 2020లో వచ్చింది, అందుకే. కట్టేటప్పుడే 'సున్నా' అని అబద్ధం రాసుకుంటే, నిర్వహించేవాడికి మిగిలేది ఆ అబద్ధమే.

రెండు గదుల ఇల్లూ ఆసుపత్రీ ఒకటేనా అంటారేమో. కాదు. మేస్త్రి రెండు గదుల్ని బుర్రలో పెట్టుకోగలడు, ఆసుపత్రిని ఎవరూ పెట్టుకోలేరు. మోడల్ కావాల్సింది అందుకే. కానీ "రేపు సుత్తి ఇవ్వను" అనే మనిషి మాత్రం రెండుచోట్లా కావాలి. పీఎం గారు రెవిట్ నేర్చుకోనక్కర్లేదు. ప్రతి పెద్ద క్లాషుకీ ఒక పేరు, ఒక తేదీ పెడితే చాలు. సైటులో మారింది మోడల్లోకి తిరిగొచ్చిందా అని అడిగితే చాలు. అంకె సున్నా అయినప్పుడు సంబరపడకుండా, ఎలా అయిందని అడిగితే చాలు.

నా వంతుగా ఒకటి చేశాను. ఆ స్క్రిప్టు తర్వాతి వెర్షన్లో, టాలరెన్సు ఎవరు మార్చినా పాత అంకె, కొత్త అంకె, మార్పించిన వాళ్ళ పేరు రిపోర్టు మొదటి పేజీలోనే వచ్చేలా రాశాను. "ఇదెందుకు?" అని ఇప్పటికే ఒక మెయిల్ వచ్చింది. జవాబివ్వాలి.

ఆ కుర్రాడికి వేరేచోట ఉద్యోగం దొరికిందని విన్నాను. ఈసారి రసాల బుట్ట ఒకటి అతనికి పంపాను. కాయలతో తీరే బాకీ కాదని తెలుసు.

మీ ప్రాజెక్టుల్లో సున్నాలు ఎలా వస్తున్నాయో, కాస్త చూసుకోండి మరి.