కార్డు రంగు తొలగినది, పేరు చిక్కు తొలగవలెను

మన షోలాపురమున రేషను కార్డు రంగును చూచి రోగికి సాయము నిర్ణయించు పద్ధతి 2024 జూలైతో ముగిసినది. 2012 జూలై 2వ తేదీన రాజీవ్ గాంధీ జీవనదాయీ ఆరోగ్య యోజన ఎనిమిది జిల్లాలలో ఆరంభమైనపుడు వానిలో మన జిల్లాయు నొకటి. మరుసటి యేడు అది రాష్ట్రమంతట వ్యాపించినది. 2017లో మహాత్మా జ్యోతిరావు ఫులే పేరు దాల్చినది. ఆనాడు ముఖ్యముగా పసుపు కార్డువారికిని, లక్షలోపు ఆదాయము గల కేసరి కార్డువారికిని, కుటుంబమునకు ఏటా లక్షన్నర వరకు ఉచిత చికిత్స లభించెడిది. 2023లో ప్రభుత్వము తీసికొనిన నిర్ణయముచే తెల్లకార్డువారును చేర్చబడిరి. పరిమితి అయిదు లక్షలైనది.

ఈ విస్తరణమును మేము హర్షించుచున్నాము. "కలిగినవారికి సర్కారు బీమా యెందులకు?" అని కొందరు మిత్రులు ప్రశ్నించుచున్నారు. తెల్లకార్డునకు కొలత సంవత్సరమునకు లక్ష దాటిన ఆదాయము. నెలకు తొమ్మిది వేలు ఇంటికి తెచ్చువాడు ఆ కొలతను దాటును. అతడు కలిగినవాడా? రెండు మగ్గముల షెడ్డు నడుపుకొనువాడు, చద్దరుల దుకాణమున లెక్కలు వ్రాయువాడు, ఇంతకాలము బీదలలోను చేరక, సొంత డబ్బుతో ఆసుపత్రికి పోజాలక నడుమ నిలిచియుండిరి. వారికే ఈ మార్పు మిక్కిలి యవసరము.

వర్తకులమగు మనకు బీమా క్రొత్త విద్య కాదు. నూలు గోదామునకు అగ్నిభయమని బీమా కట్టుదుము. లారీ కెక్కించిన టవళ్ల బేళ్లకు దారిభయమని కట్టుదుము. ఆ బేళ్లు కట్టిన కూలివాని గుండెకు మాత్రము ఎవరును కట్టరు! 1948 నాటి కార్మిక బీమా చట్టము పదిమందికి తక్కువగా నున్న షెడ్డుల దరికి రాలేదు. పూర్వభాగపు పేటలలో ఇంటింట బీడీలు చుట్టు మన ఆడపడుచులకు కూలి బీడీల లెక్కనే గాని రోజు లెక్కన కాదు. చేయి ఆడనినాడు కూలి లేదు. ఇట్టి యింట పెద్దజబ్బు ప్రవేశించిన మొదట మెడలోని బంగారము, పిమ్మట మగ్గము, చివరకు పిల్లవాని చదువు పోవుట మనము కన్నులార చూచుచున్నదే. దేశమున వైద్యమునకగు ప్రతి నూరు రూపాయలలో 2013-14లో 64 రూపాయలు జనులే చేతినుండి పెట్టుకొనిరి. 2021-22 నాటికి అది 39కి దిగినది. దిగినను, ఆ 39 తక్కువ సొమ్ము కాదు.

హక్కు వచ్చినది గాని కార్డు చేతికి రాని ఇండ్లు మనలో నెన్నియో యున్నవి. కారణము సోమరితనము కాదు, పేరు. తెలుగువారము ఇంటిపేరు ముందు వ్రాయుదుము. మరాఠీ పద్ధతిలో అది చివర వచ్చును, నడుమ తండ్రి పేరో భర్త పేరో చేరును. ఆధారులో ఒక తీరు, రేషను కార్డులో వేరొక తీరు; పెండ్లియైన స్త్రీలకు మూడవ తీరు. యంత్రము ఈ ముగ్గురును ఒక్కరేయని నమ్మదు. మొన్న మా యెదుటకు వచ్చిన ఒక కుటుంబము ఇంటిపేరులో ఒక్క అక్షరము తేడా వలన రెండు మాసములు తిరుగుచున్నది. రోగిని మంచముపై నుంచుకొని పేరు దిద్దించుట ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వుటయే.

మరియొక భ్రమ కూడ కలదు. తెలంగాణములో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుండి పది లక్షలైనది గనుక, జబ్బు చేసినపుడు కరీంనగరముననో నల్లగొండలోనో ఉన్న మేనమామ ఇంటికి పోవచ్చునని కొందరు తలచుచున్నారు. ఆ పథకము ఆ రాష్ట్రపు కార్డుదారులది. మూడు తరములుగా ఇచట స్థిరపడినవారికి ఇచటి పథకమే ఆధారము. ఆయుష్మాన్ భారత్ జాబితాలో పేరున్నవారు మాత్రము ఆ పథకమున చేరిన హైదరాబాదు ఆసుపత్రులలోను చికిత్స పొందవచ్చును. డెబ్బది యేండ్లు నిండిన వృద్ధులకు 2024 అక్టోబరు 29 నుండి ఆదాయముతో నిమిత్తము లేకయే వయవందన కార్డు ఇచ్చుచున్నారు. ఆ వయసు పెద్దలు మన యింటనే యుందురు కదా, ఎందరికి తీసితిమి?

ఈ బీమా సర్వరోగ నివారిణి కాదు. ఆసుపత్రిలో చేరిననే పనిచేయును. చక్కెర వ్యాధికి, రక్తపుపోటుకు దినదినము మ్రింగు మాత్రల ఖర్చు ఇంటిమీదనే పడుచున్నది. దానికిని ఏర్పాటు కావలెనని ప్రభుత్వమును కోరుచున్నాము. పథకమున ఉన్న ఆసుపత్రియే డబ్బు అడిగిన యెడల అచట కూర్చుండు ఆరోగ్యమిత్రకు వెంటనే చెప్పవలెను, చెల్లించిన ప్రతి పైసకు రసీదు పొందవలెను. మగ్గముల పేటలలో కార్డుల శిబిరములు నడుపవలెననియు, కరపత్రములు తెలుగులోను అచ్చువేయవలెననియు జిల్లా అధికారులకు విన్నవించుచున్నాము. షెడ్డు యజమానులు తమ పనివారికి కార్డు పనిమీద ఒక పూట సెలవిచ్చి కూలి కోయకుందురు గాక. ఒక పూట కూలి వారిని దివాలా తీయించదు.

ప్రతి ఆదివారము ఉదయము మన సంఘ కార్యాలయమున కాగితములు చూచి, పేరు తేడాలకు దరఖాస్తులు వ్రాసి యిచ్చుటకు చదువుకొనిన యువకులు నలుగురు కూర్చుందురు. ఆధారు, రేషను కార్డు, ఇంటిలోని వారందరి పేర్లు తెచ్చుకొనవలెను. రుసుము లేదు.