ఆయిల్ పోశాం... అయినా బండి కదలదేం?

ఆటోమేటిక్ కారు గేర్‌బాక్స్‌లోంచి ఆయిల్ కారిపోయింది. ‘మళ్లీ పోస్తే సరి’ అంటారు ఒకరు. ‘గేర్‌బాక్స్ పోయింది, మార్చాల్సిందే’ అంటారు ఇంకొకరు. రెండూ తొందరపాటు మాటలే. ఈ రెండింటి మధ్యా చేయాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. అవేంటో తెలిస్తే వేలల్లో తేలే పని లక్షల్లోకి పోకుండా చూసుకోవచ్చు.

స్పీడ్ బ్రేకర్ దాటుతుంటే కింద గట్టిగా తగిలింది. బండి మామూలుగానే పోతోంది కదా అని ఆగలేదు. కాసేపటికి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ రొద పెరుగుతోంది, వేగం మాత్రం పెరగడం లేదు. పక్కకు తీసి చూస్తే కింద ఎర్రటి నూనె మడుగు. ఘాట్ రోడ్లమీదా, గతుకుల దారుల్లోనూ ఇలాంటి అనుభవం ఎవరికైనా ఎదురుకావచ్చు.

నడిపించేది ఆ నూనే!

గేర్లు చేత్తో మార్చుకునే కారులో గేర్ ఆయిల్ పని పళ్లచక్రాలు అరిగిపోకుండా చూడటం. అది తగ్గితే ముందు రొద వస్తుంది, తర్వాత గేర్లు బిగుసుకుంటాయి. ఆటోమేటిక్‌లో అలా కాదు. ఇంజిన్ తిరిగితే గేర్‌బాక్స్‌లోని పంపు తిరుగుతుంది. అది ఆయిల్‌ను ఒత్తిడితో తోస్తుంది. ఆ ఒత్తిడే లోపలున్న క్లచ్ ప్లేట్లను బిగించి గేరు పడేలా చేస్తుంది. ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లోనూ ఈ ఆయిలే ఉంటుంది. లోపలి వేడిని బయటికి మోసుకొచ్చేదీ ఇదే.

ఆయిల్ తగ్గితే పంపు గాలిని పీలుస్తుంది. గాలి కలిసిన ఆయిల్ నురగలెత్తుతుంది, ఒత్తిడి పడిపోతుంది. క్లచ్ ప్లేట్లు పూర్తిగా బిగుసుకోక జారుతుంటాయి. ఆ రాపిడికి పుట్టిన వేడితో ప్లేట్ల మీదున్న పూత మాడిపోతుంది. మలుపుల్లో, ఎత్తు ఎక్కేటప్పుడు ఆయిల్ ఒక పక్కకు ఒరుగుతుంది కాబట్టి తేడా మొదట అక్కడే తెలుస్తుంది. డీ లోనో ఆర్ లోనో పెట్టాక బండి కదలడానికి ఒకటి రెండు సెకన్లు ఆలస్యమవుతున్నా అనుమానించాల్సిందే.

ముందు ఆపండి

అనుమానం వచ్చిన చోటే ఇంజిన్ ఆపేయాలి. ‘షెడ్డు దగ్గరే కదా’ అని నెట్టుకుంటూ పోతే ఆ కాస్త దూరంలోనే ప్లేట్లు మాడిపోవచ్చు. తాడు కట్టి లాక్కెళ్లడం ఇంకా ప్రమాదం. చక్రాలు తిరుగుతుంటే గేర్‌బాక్స్‌లోని భాగాలూ తిరుగుతాయి. ఇంజిన్ ఆగి ఉంది కాబట్టి పంపు పనిచేయదు, ఆయిల్ అందదు. అందుకే కారును మొత్తంగా పైకెక్కించుకునే టోయింగ్ బండినే పిలవండి.

ఇందులో బీమా సంగతి కూడా ఉంది. మన వాహన బీమా పాలసీల్లో సాధారణంగా ఒక షరతు ఉంటుంది. ప్రమాదం జరిగాక మరమ్మతు చేయించకుండా బండి నడిపితే, దానివల్ల పెరిగిన నష్టం యజమానిదే. రాయి తగిలి ఛాంబర్ పగిలితే అది ప్రమాదం. ఆ తర్వాత ఆయిల్ లేకుండా నడిపి గేర్‌బాక్స్ పాడుచేసుకుంటే ఆ ఖర్చు మన మీదే పడుతుంది. అదనపు ప్రీమియంతో ఇచ్చే ఇంజిన్ రక్షణ పాలసీల్లో కొన్నింటికి గేర్‌బాక్స్ కూడా వర్తిస్తుంది. మీది ఒకసారి తీసి చదువుకోండి.

కారింది ఏ నూనె?

కారు కింద తడి కనిపించగానే గేర్‌బాక్సే అనుకోనక్కర్లేదు. ఏసీ నుంచి నీళ్లు కారడం మామూలే. రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిచి పొద్దున్నే చూడండి. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్ కావచ్చు. రంగు నీళ్లలా పల్చగా ఉంటే కూలెంట్. ఇది విషం, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఎర్రగా, జిడ్డుగా ఉంటే చాలావరకు గేర్‌బాక్స్ ఆయిలే. కానీ కొన్ని కార్ల పవర్ స్టీరింగ్‌లోనూ ఇదే రకం ఆయిల్ వాడతారు. కొన్ని కంపెనీల గేర్‌బాక్స్ ఆయిల్ ఎర్రగా ఉండదు కూడా. కాబట్టి రంగుతోపాటు మరక ఏ భాగం కింద పడిందో చూడాలి.

బయట చుక్క కారకుండానే గేర్‌బాక్స్ పాడయ్యే దారి ఇంకొకటుంది. చాలా కార్లలో ఈ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టాలు రేడియేటర్ లోపలే ఉంటాయి. అక్కడ చిల్లు పడితే ఆయిలూ కూలెంటూ కలిసిపోతాయి. ఎర్రటి ఆయిల్ కాస్తా రోజ్ మిల్క్‌లా మారుతుంది. అలా కనిపిస్తే ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయనే వద్దు. నీరు చేరితే క్లచ్ ప్లేట్ల పూత ఊడిపోతుంది.

షెడ్డులో ఏ వరసలో?

మొదట కారుతున్న చోటు దొరకాలి. ఛాంబర్, దాని ప్యాకింగ్, డ్రెయిన్ బోల్టు, చక్రాలకు వెళ్లే షాఫ్టుల ఆయిల్ సీళ్లు, కూలర్ గొట్టాలు, ఇంజిన్ వైపున్న పంపు సీలు... చూడాల్సిన చోట్లు ఇవి. అది సరిచేయకుండా ఆయిల్ పోయడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

రెండోది, మిగిలిన ఆయిల్ పరీక్ష. మాడు వాసన, నల్ల రంగు ఉంటే ప్లేట్లు కాలినట్టే లెక్క. ఛాంబర్‌లోని అయస్కాంతానికి సన్నటి బూడిదరంగు పేస్టు అంటుకుని ఉంటే భయం లేదు, మామూలు అరుగుదలే. మెరిసే లోహపు ముక్కలు కనిపిస్తే మాత్రం లోపల ఏదో విరిగినట్టే.

మూడోది, సరైన ఆయిల్‌ను సరైన మట్టానికి నింపడం. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ఆయిల్ వేడెక్కితే మట్టం పెరుగుతుంది. డిప్ స్టిక్ ఉన్న చాలా కార్లలో, చదునైన చోట ఇంజిన్ నడుస్తుండగా, బాగా వేడెక్కాక, అన్ని గేర్లూ ఓసారి వేసి పీ లోకి తెచ్చి చూడాలి. కొన్నింటిలో ఇంజిన్ ఆపి చూడమంటారు. మీ కారు పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. డిప్ స్టిక్ లేని కార్లలో కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర కింది బోల్టు విప్పి, ఎక్కువైన ఆయిల్ బయటికి వచ్చేలా చూస్తారు. ఆయిల్ ఎక్కువైనా నురగే, తక్కువైనా నురగే.

నాలుగోది, స్కానర్. పి0700 కోడ్ గేర్‌బాక్స్‌లో తేడా ఉందని మాత్రమే చెబుతుంది. పి0730 వస్తే గేరు జారుతోందనీ, పి0218 వస్తే ఆయిల్ మితిమీరి వేడెక్కిందనీ అర్థం. అయిదోది, ప్రెషర్ గేజ్ పెట్టి ఒత్తిడి కొలవడం. ఇవన్నీ అయ్యాకే గేర్‌బాక్స్ దించే మాట.

లక్షణాన్ని బట్టి...

సరిగ్గా నింపాక కూడా ముందుకీ వెనక్కీ రెండువైపులా కదలకపోతే పంపు, ఫిల్టర్, టార్క్ కన్వర్టర్లను అనుమానించాలి. ముందుకు బాగా వెళుతూ రివర్స్ మాత్రం పడకపోతే ఆ గేరుకు సంబంధించిన క్లచ్చో వాల్వో చూడాలి. ఒకే గేరులో ఆగిపోయి పైకి మారకపోతే, బండి తనను తాను కాపాడుకోవడానికి అలా చేస్తూ ఉండొచ్చు. అప్పుడు తప్పు సెన్సార్‌దో, వైరుదో, సోలెనాయిడ్‌దో కావచ్చు. గేర్‌బాక్స్ మొత్తం మార్చాల్సిన అవసరం రాకపోవచ్చు.

ఆయిల్ పోయగానే బండి కదిలిందనుకోండి. అంతటితో సంబరపడిపోకూడదు. మాడిన ప్లేట్లు కొన్నాళ్లు పనిచేసి తర్వాత జారవచ్చు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ రంగు, వాసన మరోసారి చూపించండి.

పేరొకటే, రకాలు వేరు

మన దగ్గర ‘ఆటోమేటిక్’ అంటే ఒకటే రకం కాదు. 2014లో మారుతీ సెలేరియోతో వచ్చిన ఏఎంటీ నిజానికి మామూలు గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం యంత్రం చేస్తుంది, అంతే. దాని గేర్ ఆయిల్ వేరు, ఆ యంత్రాన్ని నడిపే ఆయిల్ వేరు. సీవీటీలో లోహపు బెల్టు ఉంటుంది. దానికి తగిన ఆయిలే పోయాలి.

ఏదో ఒక నూనె పోస్తే సరిపోదనడానికి చరిత్రే సాక్ష్యం. 1970ల మొదటి వరకూ అమెరికాలో ఈ ఆయిళ్లలో తిమింగలం నూనె కలిపేవారు. ఆ జీవుల రక్షణ కోసం చట్టం రావడంతో అది ఆగిపోయింది. దానికి దీటైన నూనె తయారుచేయడానికి రసాయన నిపుణులు చాలా కష్టపడాల్సి వచ్చింది. క్లచ్ ప్లేటు ఎంత జారాలో, ఎక్కడ పట్టుకోవాలో తేల్చేది ఆయిల్‌లోని ఆ దినుసులే మరి!

మూడు జవాబులు అడగండి

గేర్‌బాక్స్ దించాలన్నప్పుడు మెకానిక్‌ను మూడు ప్రశ్నలు వేయండి. ఆయిల్ ఎక్కడి నుంచి కారింది? స్కానర్‌లో ఏ కోడ్ వచ్చింది? ప్రెషర్ ఎంత ఉంది? మూడింటికీ కాగితం మీద జవాబు రాసిస్తే ధైర్యంగా ‘సరే’ అనండి. ‘అవన్నీ ఎందుకు సార్, గేర్‌బాక్స్ పోయింది’ అంటే మాత్రం బండిని ఇంకో షెడ్డుకు చూపించండి, టోయింగ్ బండి మీదే!