మాదీఫలం మందా? మద్యానికి ముసుగా?

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి హైటెక్ సిటీ మన మధ్యతరగతి పిల్లలకు జీవనాధారమైనది. నేడు మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలలో నిమ్మ, నారింజ పరిమళాలు గల జిన్ అనే మద్యాన్ని రుచి చూచుట, టానిక్ నీటితోను పండ్లరసాలతోను కలుపుట ఒక విద్యగా చెలామణి అవుచున్నది. "ఇందులో మూలికలున్నవి, నిమ్మ ఉన్నది, ఆయుర్వేదానికి దగ్గరిదే కదా?" అని నా వద్దకు వచ్చు యువకులు అడుగుచున్నారు. తల్లిదండ్రులు సైతం ఆ మాటను సగం నమ్ముచున్నారు. కావున దీనిపై నా అభిప్రాయము తెలుపవలసి వచ్చినది.

ముందుగా అందులోని నిజమును అంగీకరింతము. జిన్‌కు ప్రధాన పరిమళమునిచ్చు జూనిపర్ కాయలు మన శాస్త్రంలోని హపుషయే. ఉదరవ్యాధులకు దానిని మనము వాడుదుము. ఆ సంస్కృత నామమునే పెట్టుకొన్న భారతీయ జిన్ కూడ ఉన్నది. టానిక్ నీటి చేదు సింకోనా బెరడులోని క్వినైనుది. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. అయితే నేటి టానిక్‌లోని క్వినైను రుచికి చాలునంతే, జ్వరమునకు మందు కాదు.

ఇక పండు సంగతి. తొక్కలు వేసి బట్టీ దించునప్పుడు వాటి తైలము ఆవిరితో లేచి మద్యములో చేరును. పులుపు, సి విటమిను ఆవిరి కావు, అడుగునే మిగిలిపోవును. అనగా సీసాలోనికి వచ్చినది నిమ్మ వాసనయే గాని నిమ్మ గుణము కాదు.

చరకుడు సూత్రస్థానము 27వ అధ్యాయములో మాతులుంగము, అనగా మన మాదీఫలము, లోపలి కేసరమును శూలకు, అరుచికి, మందాగ్నికి, వాంతులకు చెప్పుచు, మద్యము వలన కలుగు వికారములకును చెప్పినాడు. మద్యము చెరచిన దానిని సరిదిద్దుటకు ఋషి ఇచ్చిన పండ్ల జాతిని, మద్యము సులువుగా గొంతు దిగుటకు మనము వాడుకొనుచున్నాము!

నా ప్రధానమైన అభ్యంతరము ఇదియే. మద్యము తీక్ష్ణము, ఉష్ణము, ఆశుకారి. దాని పది గుణములు ఓజస్సు యొక్క పది గుణములకు విరుద్ధములని శాస్త్రము. ఆ తీక్ష్ణతను నాలుక మొదటి గుటకలోనే పసిగట్టి వద్దనును. నాలుక ఈ దేహపు వాకిటి కావలివాడు. పులుపు, తీపి, పరిమళము ఆ కావలివానికిచ్చు లంచము. 42.8 శాతపు జిన్ 60 మి.లీ.లో సుమారు 20 గ్రాముల ఆల్కహాలుండును. ఎన్ని నిమ్మచెక్కలు వేసినను అందులో ఒక్క గ్రాము తగ్గదు.

"మీ అరిష్టములలోను మద్యమున్నది కదా?" అందురు. ఉన్నది. అది స్వయముగా పుట్టునది, సాధారణముగా 12 శాతమునకు మించదు. 24 మి.లీ. మోతాదులో మూడు గ్రాములకు లోపే. మితముగా, స్నిగ్ధాహారముతో, బలమును ఋతువును చూచి సేవించిన మద్యమును చరకుడు మెచ్చిన మాటయు నిజమే. ఆయనయే చికిత్సాస్థానములో మదాత్యయమునకు ఒక పూర్తి అధ్యాయమును కేటాయించినాడు. రాత్రి షిఫ్టు ముగించి, ఖాళీ కడుపుతో, నిద్రలేని కళ్ళతో త్రాగుటను ఆయన ఎక్కడా మెచ్చలేదు. ఏ కొద్దిపాటి మద్యమైనను ఆరోగ్యమునకు నిరపాయమని చెప్పజాలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది.

తల్లిదండ్రులకు నా మనవి: కేకలు వేయకండి. ఎంత, ఎప్పుడు, ఏమి తిన్న పిమ్మట అని నెమ్మదిగా అడుగండి. మానలేని వారు కొలత పెట్టుకొనవలెను, భోజనము ముందుగా చేయవలెను, వాహనము తాకరాదు. గర్భిణులు, కాలేయవ్యాధి గలవారు, నిద్రమాత్రలు వాడువారు పూర్తిగా విడువవలెను. వచ్చిన అతిథిని బలవంతపెట్టుట ఎవరికిని తగదు.

రుచులు కలుపు సరదా మంచిదే, దానిని ఇంటికి తెచ్చుకొనుడు. గ్లాసెడు కుండనీటిలో చెంచాడు మాదీఫల రసము (లేదా నిమ్మరసము), దంచిన అల్లపుముక్క, వేయించిన జీలకర్ర పొడి చిటికెడు, సైంధవ లవణము కొద్దిగా కలిపి, తొక్క పైపొరను గ్లాసు అంచున రుద్దండి. పరిమళమంతయు అందులోనే ఉన్నది. రక్తపోటు గలవారు ఉప్పును, ఆమ్లపిత్తము గలవారు పులుపును తగ్గించుకొనవలెను. పది రకములుగా మార్చి కలిపినను మరునాటి ఉదయము తల బరువు ఉండదు, ఉద్యోగమునకు వేళకు పోవచ్చును.