లెక్కతోపాటు దాని హద్దూ చెప్పాలి

2023 జూలైలో దక్షిణ కొరియా పరిశోధకులు ఎల్‌కే-99 అనే పదార్థం గది ఉష్ణోగ్రతలోనే, నిరోధమే లేకుండా విద్యుత్తును పంపే అతివాహకమవుతుందని ప్రకటించారు. కొద్దిరోజులకే అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల నుంచి ఒక కంప్యూటర్ లెక్క వచ్చింది. ఆ పదార్థంలోని కొన్ని సీసం పరమాణువుల చోట రాగి కూర్చుంటే, ఎలక్ట్రాన్ల శక్తి పట్టీలు అతివాహకతకు అనుకూలించే తీరులో చదునవుతాయన్నది దాని సారం. ఇంకేం, కంప్యూటర్ రుజువు చేసేసిందని సోషల్ మీడియా హోరెత్తింది. ఆ లెక్కను వివరించిన వ్యాసంలో రుజువైందన్న మాటే లేదు.

ఇలాంటి లెక్కలకు 1964-65లో దారి వేసినవారు వాల్టర్ కోన్, ఆయన సహచరులు. ఘనపదార్థంలో కోటానుకోట్ల ఎలక్ట్రాన్లను విడివిడిగా వెంటాడక్కర్లేదు, ఎక్కడెంత ఒత్తుగా ఉన్నాయో తెలిస్తే చాలన్నారు. అది గట్టి సిద్ధాంతం. కోన్‌కు 1998లో నోబెల్ కూడా వచ్చింది. కానీ ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకు తిరిగే తీరుకు కచ్చితమైన సూత్రం నేటికీ ఎవరి దగ్గరా లేదు. అక్కడ ఉజ్జాయింపే గతి.

సిలికాన్‌నే చూడండి. ఉచితంగా దొరికే క్వాంటమ్ ఎస్ప్రెస్సో అనే సాఫ్ట్‌వేర్‌తో మామూలు ల్యాప్‌టాప్ మీద నిమిషాల్లో లెక్క కట్టొచ్చు. స్ఫటికంలో మళ్లీమళ్లీ వచ్చే గడి పొడవు 5.43 ఆంగ్‌స్ట్రామ్‌లు, లెక్క ఒక్క శాతం అటూ ఇటూగా పట్టేస్తుంది. ముచ్చటేస్తుంది. అదే లెక్కను బ్యాండ్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా కదలడానికి దాటాల్సిన శక్తి అంతరం, ఎంతని అడిగితే 0.6 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. ప్రయోగశాలలో కొలిస్తే 1.1. జెర్మేనియంకైతే గ్యాప్ దాదాపు మాయమై, అర్ధవాహకం కాస్తా లోహంలా తేలుతుంది. మెరుగైన పద్ధతులు లేకపోలేదు, కానీ వాటికి కంప్యూటర్ సమయం ఎన్నో రెట్లు కావాలి.

ఎల్‌కే-99 విషయంలోనూ ఇదే బలహీనత బయటపడింది. బర్కిలీ లెక్కలో అది లోహంలా కనిపించింది. స్టుట్‌గార్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు మలినాల్లేని స్ఫటికాన్ని పెంచి చూస్తే, ఊదారంగులో మెరిసే విద్యుత్ బంధకం వచ్చింది. తొలి నమూనాల్లో నిరోధం పడిపోవడానికి కారణం వాటిలో కలిసిన కాపర్ సల్ఫైడ్.

నాకీ విద్య మీద అపారమైన గౌరవం. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను విపరీతమైన ఒత్తిడిలో ఉంచితే అతివాహకమవుతుందని లెక్క ముందే చెప్పింది. 2015లో ప్రయోగం 203 కెల్విన్ల దగ్గర దాన్ని నిజం చేసింది. ఆ గౌరవం నిలవాలంటే లెక్క హద్దు కూడా తెలియాలి. అందుకే ఎమ్మెస్సీ అధ్యాపకులకు ఒక మనవి. విద్యార్థుల చేత మొదటిరోజే సిలికాన్ లెక్క చేయించండి. గడి పొడవుతో ఆపకండి, బ్యాండ్ గ్యాప్ కూడా తీయించి, కొలిచిన విలువ పక్కన రాయించండి.