ధ్రువం పక్కనుంచి దారి

2021 జనవరి 9, శనివారం రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిర్ ఇండియా విమానం ఎక్కినవాళ్లు సోమవారం తెల్లవారుజామున బెంగళూరులో దిగారు. గాలిలో గడిపింది సుమారు 17 గంటలే. మిగతా పదమూడున్నర గంటలు రెండు ఊళ్ల గడియారాల మధ్య తేడా. కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, మరో ఇద్దరు, అంతా మహిళలే ఆ బోయింగ్ 777ను నడిపారు. తలచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

రెండు విమానాశ్రయాల మధ్య వైమానిక దూరం 13,993 కిలోమీటర్లు. గోడమీది పటం చూస్తే ఏదో ఒక మహాసముద్రం అడ్డంగా దాటాలనిపిస్తుంది. కానీ ఈ ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా దాదాపు 160 డిగ్రీలు. గ్లోబు మీద దారం బిగించి పట్టండి, అది ఉత్తర ధ్రువం వైపు వంగి పోతుంది. బడిపిల్లలందరి చేతా ఈ పని చేయించాలి.

దూరం తెలిసినంత మాత్రాన సమయం తెలియదు. పైన వీచే పడమటి గాలులు ఒకసారి తోస్తాయి, ఒకసారి అడ్డుకుంటాయి. ఏదైనా దేశం తన గగనతలం మూసేస్తే చుట్టూ తిరగక తప్పదు.

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులకు ఈ లెక్కలన్నీ కంఠతా వచ్చు. ఈ సంచికను దూరప్రయాణాలకే కేటాయించాం. చదివి, మీ తొలి విమానయాన అనుభవాన్ని మాకు రాసి పంపండి.

– సంపాదకుడు